బొంబాయి దాణా

మస్తాన్బీ బి.ఎ. హిస్టరీలో చాలా సామ్రాజ్యాల సంగతి చదువుకుంది. ఏ రాజు ఏ కోటను ఎన్నాళ్ళు ముట్టడించాడో, చివరికి లోపలినుంచి తలుపు తీసిన ద్రోహి ఎవడో గడగడా చెప్పగలదు. కానీ ఒక గది, ఆ గదికి ఒక తలుపు, ఆ తలుపుకు లోపలివైపు ఒక గడియ ఉండటం ఎంతటి సామ్రాజ్యమో ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు. పెళ్ళయి ఉదయగిరిలో అత్తగారింటికి వచ్చాకే తెలిసింది.

అత్తగారిల్లు కోట కొండ కిందే. మామ వహాబ్ చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే పనివాడు. ఇంట్లో గదులు రెండు. మనుషుల్ని లెక్కపెట్టబోతే ఒకరు బయటికి పోయి ఇంకొకరు లోపలికి వచ్చేవాళ్ళు గనక ఆ లెక్క ఎన్నడూ తేలలేదు. రాత్రయితే ఆడవాళ్ళంతా లోపల, మగవాళ్ళంతా పంచలో చెక్కపొట్టు ఊడ్చుకుని చాపల మీద. కొత్త పెళ్ళికొడుకు సుభాన్‌కు జరిగిన ప్రత్యేక మర్యాద ఏమిటంటే, పంచలో గోడవార చోటిచ్చారు. కొత్త కోడలికి అత్త కరీంబీ పక్కన చోటిచ్చారు. కరీంబీకి నిద్రలో కూడా చెవులు పనిచేస్తాయి.

ఇక మొగుడూ పెళ్ళాలు నాలుగు మాటలు చెప్పుకోవాలంటే బావి దగ్గరే. ఆయన చేదతాడు లాగటం, ఆమె బిందె పట్టుకోవటం. ఆ వేసవిలో వీధంతా నీళ్ళకు కటకటలాడితే వహాబ్ ఇంట్లో తొట్లు పొంగి వాకిట్లోకి పారాయి. "కోడలు భలే పనిమంతురాలు" అని చుట్టుపక్కల పేరు కూడా వచ్చింది.

అందుకని, ఆత్మకూరు బిందెల ఫ్యాక్టరీలో సుభాన్‌కు మిషన్ మీద పని దొరికిందని తెలిసినప్పుడు మస్తాన్బీ మామగారి ముందర చాలా గంభీరంగా తల ఊపి, బావి దగ్గరికి పోయి, ఖాళీ బిందె కావలించుకుని గిరగిరా తిరిగింది.

ఆత్మకూరులో బస్టాండు వెనక సందులో వెంకమ్మ అనే ఆమె ఇంట్లో ఒక గది దొరికింది. గది ఎంత పెద్దదంటే, కిరసనాయిలు స్టవ్ ఒక మూల పెడితే మంచం రెండో మూల నుంచి మొదలై స్టవ్ దగ్గరే ముగుస్తుంది. మంచం మీద కూర్చునే పప్పు తాలింపు పెట్టొచ్చు. అది చాలా సౌకర్యమని మస్తాన్బీ అందరికీ చెప్పింది. సుభాన్ ఫ్యాక్టరీలో అచ్చు సరిగా పడని సరుకు అప్పుడప్పుడు ఇంటికి తెచ్చేవాడు. పిడి లేని మగ్గు, మూతి వంకర పోయిన బిందె, ఒకవైపు ఎరుపూ ఇంకోవైపు ఏ రంగో తేల్చుకోలేని గిన్నె. ఆమె ప్రతిదాన్నీ పండుగ బట్టలు చూసినట్టు తిప్పి తిప్పి చూసేది. వంకర బిందెలో నీళ్ళు పోస్తే ఒక పక్కకు కారేవి. "దీనికి సిగ్గండీ, మొహం పక్కకు తిప్పుకుంటుంది" అని మురిసిపోయేది. సాయంత్రం ఆయన రాగానే తలుపు వేసి గడియ పెట్టటంలో ఉన్న ఆనందం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ చప్పుడు ఆమెకు బ్యాండు మేళం లాగుండేది.

ఫ్యాక్టరీ యజమాని రామనారాయణ నెల్లూరులో ఉంటాడు. ఆయనకు ఫ్యాక్టరీలో నష్టం వచ్చినప్పుడల్లా నెల్లూరులో ఒక మేడ లేస్తుందని పనివాళ్ళు చెప్పుకుంటారు. గేటు మీద ఇంగ్లీషులో పొడవాటి బోర్డు ఉంది గానీ దాన్ని చివరిదాకా చదివినవాడు లేడు. జనం బిందెల ఫ్యాక్టరీ అంటారు. బొంబాయి నుంచి లారీల్లో మూటలు వస్తాయి. వాటిలో సగ్గుబియ్యం లాంటి ప్లాస్టిక్ గింజలు. బొంబాయి లారీవాళ్ళు వాటిని దాణా అన్నారు. ఉర్దూలో గింజ గనక సుభాన్ లాంటివాళ్ళకూ ఆ మాట నోటికి అలవాటే. అలా ఫ్యాక్టరీలో అందరికీ అది దాణాయే. మిషన్ పైన గరాటు లాంటిది ఉంటుంది, దాన్ని నోరు అంటారు. నోట్లో దాణా పోస్తే, లోపల కరిగి, అచ్చులో పడి, కింద బిందె అయి వస్తుంది. అంతకంటే వింత తను చదివిన చరిత్రలో లేదని మస్తాన్బీ నమ్మకం.

ఒక రోజు సుభాన్ మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు.

"దాణా రాలేదంట. మిషన్లు ఆపేసినారు."

ఆమె చేసిన మొదటి పని సంతోషపడటం. రెండో పని కూడా అదే. ఆ వారం రోజులూ వాళ్ళు టెంటు హాల్లో మ్యాట్నీ చూశారు, బస్టాండులో జామకాయలు ఉప్పూకారం అద్దుకుని తిన్నారు, ఏమీ కొనకుండా సంతంతా తిరిగొచ్చారు. బొంబాయిలో ఎవరో దాణా పంపటం మర్చిపోయినందుకు ఆమె మనసులోనే వాళ్ళకు దువా చేసింది.

తర్వాత రామనారాయణ కారులో వచ్చి పనివాళ్ళందర్నీ గేటు దగ్గర నిలబెట్టి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. మిషన్లు కూడా మనుషుల్లాంటివేనట, వాటికీ విశ్రాంతి కావాలట. ఇది మూత కాదట. మూత అన్న మాట అప్పటిదాకా ఎవరి నోటా రాలేదు. ఆయనే మొదట అన్నాడు. మనమంతా ఒకే కుటుంబమని చెప్పి, కుటుంబాన్ని ఎండలో వదిలేసి కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడే వెంకమ్మ గడపలో నిలబడింది.

"ఏం మే మస్తానూ, మీ ఆయన పగలంతా ఇంట్లోనే ఉండాడే, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉన్నారు పిన్నమ్మా. దాణా రాలేదు, అందుకని."

"దాణా రాకపోతే మనిషి ఇంట్లో కూసుంటే ఎట్టా? నాలుగు మోపులు పచ్చిగడ్డి కోసుకొచ్చి ఎయ్యకూడదా?"

మస్తాన్బీ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆమె నవ్వు అయ్యేదాకా వెంకమ్మ ఓపిగ్గా ఆగి అసలు సంగతి చెప్పింది. "టెలిఫోన్ ఆపీసులోకి ఒకాయన కొత్తగా వచ్చినాడు. గది కావాలంటా ఉండాడు. ఉద్యోగం లేనోళ్ళకు ఇల్లు ఇయ్యబాకని మా ఆయన పోతా పోతా చెప్పి పోయినాడు మే. పోయినోళ్ళ మాట తీసెయ్యకూడదు గదా. ఈ నెల చూస్తా."

పోయిన మనిషితో వాదించటానికి వీల్లేదు. అదే వారంలో ఉదయగిరి బస్సు కండక్టరుతో కరీంబీ కబురు పంపింది. గరిటెల పనికి గిరాకీ బాగా ఉండాది, వచ్చేయండి. కోడలికి నా పక్కన చోటు అట్టనే పెట్టి ఉంచినాను. ఎవ్వర్నీ పడుకోనియ్యలేదు.

ఈ చల్లని కబురు విన్న మస్తాన్బీకి ఆ రోజు అన్నం సయించలేదు.

*

ఊరికి పెద్దదిక్కు మాలకొండయ్యగారు. దుత్తలూరు రోడ్డులో ఆయన పొలాలూ ఇల్లూ. ఆయన ఏ పదవిలో ఉన్నాడో ఎప్పుడూ ఎవరికీ స్పష్టంగా తెలియదు గానీ, పదవి లేకుండా ఉన్న రోజు మాత్రం లేదు. బిందెల ఫ్యాక్టరీకి రిబ్బను కత్తిరించింది ఆయనే. రిబ్బను కత్తిరించి, లోపలికి అడుగుపెట్టకుండా నేరుగా షామియానా కింద భోజనానికి వెళ్ళి, పులుసు బాగుందని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. తనే పుట్టించిన ఫ్యాక్టరీ గనక ఆయనే బతికించాలని పనివాళ్ళు తీర్మానించారు. మాట్లాడటానికి సుభాన్‌నీ, అందరికంటే పాతవాడైన వరదయ్యనూ, ఇంకో ఇద్దర్నీ ఎన్నుకున్నారు. మస్తాన్బీని ఎవరూ ఎన్నుకోలేదు గానీ ఆమె కూడా వెళ్ళింది. కొత్తగా పెళ్ళయినవాళ్ళు కదా, మొర పెట్టుకోవటానికి కూడా జంటగానే పోతారు.

మగవాళ్ళు అరుగు మీద పెద్దాయన ముందర నిలబడ్డారు. మస్తాన్బీని మాలకొండయ్య భార్య కామాక్షమ్మ కిటికీ పక్కన కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "నీళ్ళోసుకున్నావా?" అని మొదలుపెట్టి ప్రశ్న మీద ప్రశ్న వేస్తోంది. అరుగు మీది మాటలు ఆమెకు ఒక చెవిలోనే పడుతున్నాయి.

"ఏంది సుభానూ, అందరూ కట్టగట్టుకోని వచ్చినారు?"

"దాణా లేదయ్యా. దాణా లేక మొత్తం ఆగిపోయినాది. నోళ్ళు ఎండిపోయి పడుండాయి."

"అయ్యయ్యో. మూగ జీవాలు. ఎన్ని ఉండాయిరా?"

"నాలుగయ్యా. రెండు పెద్దయి, రెండు చిన్నయి."

"పెద్దదానికి రోజుకు ఎంత పెడతారు?"

"మూటలకు మూటలే తింటాదయ్యా. పని మీదుంటే ఇంకా ఎక్కువ."

"మూటలా!" మాలకొండయ్య కుర్చీలో ముందుకు వంగాడు. "ఒంగోలు జాతా?"

పెద్దాయన వేళాకోళం ఆడుతున్నాడనుకుని వరదయ్య మర్యాదగా పళ్ళికిలించాడు. "కాదయ్యా. బొంబాయి నించి తెచ్చినారు."

"అదీ సంగతి. బొంబాయి జాతంటే తిండిపోతు జాతే. పగలంతా కట్టేస్తారా?"

"పగలూ రాత్రీ నడస్తాయయ్యా, కరెంటుంటే."

"అంతే మరి, ఎలుతురుండాల" అన్నాడు మాలకొండయ్య తల ఊపుతూ. జీవితమంతా ఇలాగే ఎదుటివాడి జవాబుకు తనే ప్రశ్న అమర్చుకుని ఆయన పైకొచ్చాడు. "ఓరి పిచ్చోళ్ళారా, దాణాకేనా ఇంత ఏడస్తా వచ్చింది? ఆ రామనారాయణ నాకు ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది గదా. ఈ ఆదివారం దిగుద్ది పోండి. నేనుండంగా ఈ తాలూకాలో ఒక్క నోరు ఎండేదానికి లేదు."

వరదయ్య కళ్ళు తుడుచుకున్నాడు. దారిపొడవునా బొంబాయిలో పెద్దాయన పలుకుబడి గురించే మాట్లాడుకున్నారు. ఒకడు ఆయనకు అక్కడ ఓడలున్నాయన్నాడు. ఎడ్ల జాతి సంగతి సుభాన్ చెబితే మస్తాన్బీ కూడా పెద్దవాళ్ళ హాస్యం గొప్పగా ఉంటుందని నవ్వింది. గడ్డి కోసుకురమ్మన్న వెంకమ్మ ఆమెకు ఒక్క క్షణం గుర్తుకు రాకపోలేదు. కానీ వెంకమ్మ అంటే చదువు లేని మనిషి. మాలకొండయ్యగారు పెద్దమనిషి. ఇద్దరికీ ఒకే పొరపాటు రావటానికి వీల్లేదని ఆమె బి.ఎ. డిగ్రీ ఆమెకు భరోసా ఇచ్చింది. ఆ సంతోషంలో గది కిటికీకి పూల గుడ్డ కొని తెర కుట్టింది. కిటికీ చిన్నదీ, గుడ్డ పెద్దదీ అయింది. మిగిలిన దానితో సుభాన్ దిండుకు గలీబు కుట్టింది.

*

ఆదివారం ఫ్యాక్టరీ గేటుకు మామిడాకులు కట్టారు. డప్పులు వచ్చాయి. ఎన్నడూ రాని రామనారాయణ పొద్దున్నే వచ్చి మైకు సర్దుతున్నాడు. మాలకొండయ్య పంపితే వద్దనేంత ధైర్యం ఆయనకు లేదు, ఉచితంగా వచ్చేదాన్ని వద్దనే అలవాటు అసలే లేదు. పనివాళ్ళు పెళ్ళాం బిడ్డలతో వచ్చి నిలబడ్డారు. వరదయ్య భార్య పిచ్చమ్మ హారతి పళ్ళెం పట్టుకుంది. మస్తాన్బీ పెళ్ళిచీర కట్టుకుంది, కట్టుకోవటానికి ఏ చిన్న సాకు దొరికినా ఆమె వదిలేది కాదు.

లారీ కాదు, రెండు ట్రాక్టర్లు వచ్చాయి. ముందు ట్రాక్టరు మీద మాలకొండయ్య మెడ నిండా దండలతో నిలబడి ఉన్నాడు. జేజేలు కొట్టారు. డప్పులు మోగాయి. ఫోటోగ్రాఫరు అడ్డం వచ్చి, "అయ్యా, ఒక మూట ఇప్పండి, చేత్తో పట్టుకున్నట్టు తీస్తా" అన్నాడు.

వరదయ్య మూట కుట్టు తెంపాడు. మాలకొండయ్య రెండు చేతులూ లోపలికి పెట్టి దోసిలి పైకెత్తాడు.

తవుడు.

గాలికి కొంచెం తవుడు ఎగిరి పిచ్చమ్మ హారతి పళ్ళెంలో పడింది. రెండో మూటలో వేరుశనగ చెక్క, మూడో దాంట్లో పత్తిగింజలు. వాసన కమ్మగా ఉంది. డప్పులవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వాయించటం ఆపేశారు. వరదయ్య చేతిలోని పురికొస మెల్లగా జారి నేలమీద పడింది.

"ఏందిరా అట్టా చూస్తారు?" అన్నాడు మాలకొండయ్య. "మేలు రకం. మా ఎద్దులకు పెట్టేదే తెచ్చినాను. ఏవీ ఆ బొంబాయి ఎద్దులు? ఇట్టా తోలుకోని రాండి."

అప్పుడు మస్తాన్బీకి నవ్వు వచ్చింది.

అది నవ్వవలసిన సమయం కాదని ఆమెకు తెలుసు. తన గది, తన స్టవ్, పెద్దదైపోయిన ఆ కిటికీ తెర, అన్నీ ఆ తవుడులో కలిసిపోయాయనీ తెలుసు. అత్త పక్కన పరిచి పెట్టిన చాప కూడా కళ్ళముందు కనపడింది. అయినా మిషన్ల మెడలకు గంటలు కట్టి, ముక్కుతాడు వేసి మాలకొండయ్యగారి ముందుకు తోలుకొస్తున్నట్టు ఒక బొమ్మ మనసులో మెదిలింది, అంతే. నవ్వు గలగలమని బయటికి వచ్చేసింది. అంతమంది మౌనంగా నిలబడ్డ ఆవరణలో ఆ ఒక్క నవ్వు ఇనుప రేకు కప్పుకు తగిలి తిరిగి వచ్చింది. సుభాన్ మొహం పాలిపోయింది.

మాలకొండయ్య ఇటు తిరిగాడు.

రామనారాయణ ఊరికే వ్యాపారస్తుడు కాలేదు. రెండు అంగల్లో మైకు అందుకున్నాడు. "మహాజనులారా! మాలకొండయ్యగారి దూరదృష్టికి ఇది నిదర్శనం. బిందెల కాలం అయిపోయింది. బొంబాయివాడు ధర పెంచాడు, కరెంటువాడు కోత పెట్టాడు. ఈ మెట్ట ప్రాంతానికి కావలసింది బిందెలా? కాదు! దాణా! ఈ ఆవరణలోనే, ఈ రోజే, పెద్దాయన పవిత్ర హస్తాలతో పశువుల దాణా డిపో ప్రారంభమవుతోంది!"

చప్పట్లు కొట్టటానికి ముందే మనుషుల్ని మాట్లాడి పెట్టారు గనక వాళ్ళు కొట్టారు. మిగతావాళ్ళు కూడా, చేతులు అలవాటు మీద కలుసుకోగా, కొట్టారు. తాము దేనికి చప్పట్లు కొట్టారో చాలామందికి ఇంటికి పోయాక గానీ తెలియలేదు. మిషన్లకు బొంబాయిలో బేరం అంతకు నెల ముందే కుదిరిందని ఇంకా తర్వాత తెలిసింది. అవి విశ్రాంతి తీసుకుంటున్నాయన్న మాట ఒక్కటే నిజం.

మాలకొండయ్య దండలు సర్దుకున్నాడు. "అదే నేను మొదట్నించీ చెప్తా ఉండాను" అన్నాడు. ఆయన నిజంగానే నమ్మాడు. తర్వాత చెయ్యెత్తి, "ఇందాక నవ్విందే, ఆ పిల్ల ఎవురు?" అన్నాడు.

ఎవరో సుభాన్‌ను ముందుకు తోశారు. "నా భార్య అయ్యా. తప్పయిపోయినాది, చిన్నపిల్ల."

"తప్పేందిరా? ఇంతమంది చావింటికి వచ్చినట్టు మొహాలు పెట్టుకోని నిలబడితే, మంచి పనికి సంతోషపడింది ఆ పిల్ల ఒక్కతే. రామనారాయణా, డిపోలో తూకానికి మనిషి కావాల గదా? ఈ అబ్బయ్యకు ఇయ్యి."

ఆ విధంగా ఆ ఫ్యాక్టరీలో అందరి ఉద్యోగాలూ పోయి, ఒక్క ఉద్యోగం మిగిలింది. దానికి అర్హత ఒక ఆడపిల్ల వేళగాని వేళ నవ్వటం.

జనం విడిపోతుండగా పిచ్చమ్మ పళ్ళెంలోని తవుడు కింద దులుపుతూ అంది, "మీరు నవ్వితే ఉద్యోగం వచ్చినాది పాపా. మేము ఏడస్తా ఉంటే ఏమొస్తాదో చూడాల."

*

మస్తాన్బీ ఆ మాట ఇంటిదాకా మోసుకొచ్చింది. అయినా గదిలోకి రాగానే, గది మిగిలిందన్న ఆనందం ఆమెలో పాలపొంగులా లేచింది. సుభాన్ చొక్కా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు.

"నేను పోను ఆ పనికి."

"ఏమిటీ?"

"పోనంటే పోను. దాణా దాణా అని ఆయన ముందర అరిచింది నేను. వాళ్ళందర్నీ బయటికి తోసి నేను లోపల కూసోని పిండి తూచాల్నా? వరదన్న మొహం ఎట్టా చూసేది?"

"ఆ మిషన్లు మీరమ్మారా? బొంబాయి ధర మీరు పెంచారా?"

"నవ్వితే వచ్చిన ఉద్యోగం నాకొద్దు."

"ఏడిస్తే వచ్చేది ఎక్కడన్నా ఉంటే చెప్పండి, ఇప్పుడే కూర్చుని ఏడుస్తా! ఉదయగిరి పోదామా? మీరు పంచలో గోడవార, నేను మీ అమ్మ పక్కన. బావిలో నీళ్ళు కూడా అయిపోయుంటాయి!"

అది వాళ్ళ మొదటి తగువు. గొంతులు లేచాయి. ఉదయగిరిలో అయితే తగువు కూడా గుసగుసగానే ఆడాలి. ఇక్కడ ఎంత కావాలంటే అంత గట్టిగా అరుచుకోవచ్చన్న సంగతి ఆమెకు మధ్యలో తట్టి, కోపంలోనూ కొంచెం ముచ్చటేసింది. గోడ అవతలినుంచి వెంకమ్మ, "నువ్వు చెప్పేదే న్యాయం మే మస్తానూ! ఉద్యోగం వదులుకోనీబాక!" అని అరిచి తన వంతు కలిపింది. టెలిఫోన్ ఆఫీసు ఆయనకు ఏం చెప్పాలో అంతా విన్నాక నిర్ణయించుకోవచ్చని ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉండాలి.

తలుపు తట్టింది వరదయ్య. మిషన్ మీద చేతులు కాలకుండా బిందెను అచ్చులోంచి లాగటం సుభాన్‌కు నేర్పినవాడు ఆయనే. లోపలికి రాలేదు. గడపలోనే నిలబడ్డాడు.

"సందు మొదట్లోకి వినపడతా ఉండాది మీ కాపరం" అన్నాడు.

"అన్నా, ఆ పని నీకియ్యమని నేను పోయి చెప్తాను" అన్నాడు సుభాన్.

మస్తాన్బీకి వద్దని నోటిదాకా వచ్చింది. వరదయ్య మొహం చూసి మింగేసింది. మింగటం ఇంత కష్టమని ఆమెకు అంతకుముందు తెలియదు.

"చెప్పండి" అంది చిన్నగా. "ఆయనకే ఇమ్మని చెప్పండి."

వరదయ్య నవ్వాడు. "నేను ముందే పోయి అడిగినానమ్మా. సిగ్గెందుకు, మీరు ఇంటికి రాకముందే పోయి అడిగినాను. నువ్వు నవ్వలేదు గదరా అన్నాడు పెద్దాయన. సుభాన్ రాకపోతే వాళ్ళ తమ్ముడి బావమరిది ఉండాడంట, ఆయన్ని కూసోబెడతాడంట." ఆగి అన్నాడు, "తీసుకోరా. వాళ్ళ బావమరిది తూస్తే మోసం. నువ్వు తూస్తే మా పాడి ఎనుము కడుపన్నా నిండుద్ది."

"నువ్వేం చేస్తావన్నా?"

"నెల్లూరు పోతా. యాడో ఒక చోట ఏదో ఒక మిషన్ ఉంటాది. దానికి ఏం పెడతారో ముందు అడుక్కోని మరీ చేరతా."

*

సుభాన్ చేరాడు. గేటు మీది ఇంగ్లీషు బోర్డు దించి, 'బొంబాయి దాణా డిపో' అని తెలుగులో రాయించారు. పేరు మాలకొండయ్య పెట్టిందే. బొంబాయి అంటే గిరాకీ ఉంటుందన్నాడు, నిజంగానే ఉంది. కొండాపురం వైపు నుంచి కూడా బండ్లు వస్తున్నాయి. వెంకమ్మ గది అడగటం మానేసి, తవుడు చవగ్గా దొరుకుతుందా అని అడగటం మొదలుపెట్టింది. కరీంబీ చాప తీసేసిందో లేదో తెలియదు.

ఒక రోజు మధ్యాహ్నం మస్తాన్బీ క్యారియరు తీసుకుని డిపోకు వెళ్ళింది. మిషన్లు ఉన్నచోట సిమెంటు నేల మీద నాలుగు పెద్ద నల్లటి మరకలు తప్ప ఏమీ లేదు. మరకల మీద మూటలు పేర్చారు. సుభాన్ మీసాల మీద తవుడు. "ముసలాయన అయిపోయారే" అని ఆమె కొంగుతో తుడుస్తుండగా వరదయ్య వచ్చాడు. భుజాన సంచీ, వెనక పిచ్చమ్మ. నెల్లూరు బస్సుకు టైమవుతోందట. ఎనుమును పిచ్చమ్మ అక్కకు అప్పజెప్పారట, దానికోసం కొంచెం వేరుశనగ చెక్క తీసుకుని పంపిద్దామని వచ్చారు.

సుభాన్ తూచాడు. ముల్లు నిలబడ్డాక ఇంకో దోసెడు వేశాడు.

"ఎక్కువేసినావురా" అన్నాడు వరదయ్య.

"ముల్లు సరిగా లేదులే అన్నా."

వరదయ్య ఆ నల్ల మరకల వైపు కాసేపు చూశాడు. మిషన్ ఉన్నచోట నిలబడి, చేతులు అలవాటుగా ముందుకు చాచి, లేని బిందెను పట్టుకుని చటుక్కున లాగి, పక్కన పెట్టాడు. అదొక ఆట లాగా చేశాడు గానీ పిచ్చమ్మ "రాయ్యా, బస్సు పోతాది" అని అటు తిరిగింది. పోయే ముందు మస్తాన్బీ తల మీద ఒక్కసారి చెయ్యి వేసింది.

వాళ్ళు రోడ్డు మలుపు తిరిగేదాకా ఇద్దరూ గేటులో నిలబడ్డారు. తర్వాత ఆమె లోపలికి వచ్చి ఒక మూట మీద కూర్చుంది.

"ఇంటికి పోవా? ఎండెక్కతా ఉండాది" అన్నాడు సుభాన్.

"పోతానులెండి."

ఇంట్లో కుట్టవలసిన రవికె ఉంది. వెంకమ్మ కూతురికి హిస్టరీ చెప్తానన్నది కూడా ఈ వేళే. తన గది ఎక్కడికీ పోదు, ఇప్పుడు అది ఖాయం. ఎందుకో ఆమెకు అక్కడికి పోవాలనిపించలేదు. క్యారియరు విప్పి అన్నం కలిపి ఆయన ముందు పెట్టింది. ఆయన తినలేదు, ఆమె ఇంకోసారి కలిపింది.

బయట బండి ఆగింది. తలపాగా చుట్టుకున్న రైతు ఒకాయన తొంగిచూశాడు.

"అబ్బయ్యా, బొంబాయి దాణా అంటే ఇదేనా? మంచిదేనా?"

సుభాన్ చెయ్యి కడుక్కుని లేచాడు. "ఇక్కడిదే పెద్దాయనా. ఈ ఊరి తవుడే."

"మరి బొంబాయి అని రాసుండాదే?"

మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయనకు ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు. ఆమెకు తెలుసు గానీ చెప్పబుద్ధి కాలేదు.

"కాస్త లెయ్యమ్మా" అన్నాడు రైతు. "నువ్వు కూసున్న మూటే ఇయ్యమంటాను."

ఆమె లేచి పక్కకు జరిగింది. చీరకు అంటిన తవుడు దులపకుండా, మూట ఒక కొస తను కూడా పట్టింది.